జాతీయ రహదారులూ రైతుకు దక్కని సొలేషియమూ

జాతీయ రహదారుల ప్రాధికార సంస్థకు చట్టం 1988లో వచ్చినా అది పని మొదలుపెట్టింది 1995 ఫిబ్రవరిలో. అప్పటిదాకా జాతీయ రహదారుల పనులను కేంద్రం తరఫున రాష్ట్రాల రోడ్లు, భవనాల శాఖలే చేసేవి. వాజపేయి ప్రభుత్వం ఢిల్లీ, ముంబయి, చెన్నై, కోల్‌కతాలను కలుపుతూ 5,846 కిలోమీటర్ల స్వర్ణ చతుర్భుజిని తలపెట్టి, 1999 జనవరిలో శంకుస్థాపన చేసింది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మన కోస్తా పొడవునా సాగే రోడ్డు అందులో భాగమే. అప్పటి 5వ నంబరు రహదారే ఇప్పుడు 16. ఆదిలాబాద్ మీదుగా హైదరాబాద్ చేరి, అక్కడి నుంచి కర్నూలు వైపు సాగే 44వ నంబరు రహదారి ఉత్తర-దక్షిణ కారిడార్ కింద విస్తరించింది. సిద్ధాంతం దగ్గర వశిష్ఠను, జొన్నాడ దగ్గర గౌతమిని దాటే లారీలకు ఈ విస్తరణ ఎంత మేలు చేసిందో ఆ దారిన తిరిగేవారికి బాగా తెలుసు. ఆ మేలును నేను తక్కువ చేయను.

అయితే రోడ్డు వెడల్పు కావాలంటే భూమి కావాలి. అది త్వరగా చేతికి రావాలని 1956 నాటి జాతీయ రహదారుల చట్టాన్ని 1997లో సవరించారు. దాని ప్రకారం ముందు గెజిట్ ప్రకటన వస్తుంది. దాని సారాంశం రెండు స్థానిక పత్రికల్లో పడుతుంది, వాటిలో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలి. అభ్యంతరం చెప్పడానికి గడువు 21 రోజులు. ఆ తర్వాత రెండో ప్రకటన వెలువడిందంటే, ఆ క్షణం నుంచి ఆ సర్వే నంబరులోని నేల కేంద్రానిదే. రైతు చేతికి డబ్బు అందిందా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు.

ఇంతకంటే పెద్ద దెబ్బ అదే చట్టంలోని 3జె సెక్షన్. 1894 నాటి భూసేకరణ చట్టం ఈ సేకరణకు వర్తించదని అది చెప్పింది. పాత చట్టంలో భూమి ధరపై 30 శాతం సొలేషియం ఉండేది. ఇష్టం లేకపోయినా భూమి వదులుకుంటున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము అది. పది లక్షల రూపాయల భూమి కాలువ కోసం పోతే మూడు లక్షలు అదనంగా వచ్చేవి. అదే భూమి జాతీయ రహదారి కింద పోతే ఆ మూడు లక్షలు లేవు. ఊరు ఒకటే, నేల ఒకటే, తీసుకునేదీ ప్రభుత్వమే. రోడ్డు కింద పోయిన ఎకరానికి విలువ ఎందుకు తగ్గాలి?

2013 నాటి కొత్త భూసేకరణ చట్టంలోని పరిహార నిబంధనలు 2015 జనవరి 1 నుంచి రహదారులకూ వర్తించాయి. సొలేషియం నూరు శాతమైంది. మధ్యలో మిగిలిపోయినవారు 1997 నుంచి 2014 దాకా భూములిచ్చిన రైతులు. స్వర్ణ చతుర్భుజి పనుల్లో ఎక్కువ భాగం సాగింది సరిగ్గా ఆ ఏళ్లలోనే.

పంజాబ్, హర్యానాల నుంచి వచ్చిన తర్సేమ్ సింగ్ కేసులో 2019 సెప్టెంబరు 19న సుప్రీంకోర్టు ఈ తేడాను కొట్టేసింది. ఏ చట్టం కింద భూమి తీసుకున్నారన్నది రైతుకు అనవసరమని, ఇలా వేరు చేయడం రాజ్యాంగంలోని 14వ అధికరణకు విరుద్ధమని చెప్పి, సొలేషియం, వడ్డీ ఇవ్వాలంది. ఆ తీర్పును ఇకముందు సేకరణలకే పరిమితం చేయాలని ప్రాధికార సంస్థ కోరగా, 2025 ఫిబ్రవరిలో కోర్టు నిరాకరించింది. అయితే పూర్తిగా ముగిసిన కేసులను మళ్లీ తెరవాలని మాత్రం చెప్పలేదు.

అంటే ఓపిక పట్టి, పరిహారంపై తగవు తీర్చే ఆర్బిట్రేటర్ దగ్గరికి, కోర్టుకు వెళ్లినవారికే దారి తెరుచుకుంది. ఇచ్చింది పుచ్చుకుని ఊరుకున్న చిన్న రైతుకు, ఫీజుకు డబ్బులేక ఆగిపోయినవారికి తలుపు మూసినట్లే. నాకు ఇది సమ్మతం కాదు. ఎవరి భూమి ఎంత పోయిందో, ఎంత చెల్లించారో తెలిపే అవార్డులు, అంటే పరిహారం ఖరారు చేసిన ఉత్తర్వులు, సర్కారు దస్త్రాల్లో ఉన్నాయి. వాటిని తీసి, అప్పుడు ఇవ్వని 30 శాతం సొలేషియం లెక్కగట్టి, రైతులకో వారి వారసులకో కోర్టు గడప ఎక్కించకుండా సంస్థే చెల్లించాలి.