మోడల్ బడి, బేసిక్ బడి: గొడవ మూలం 2022లో ఉంది

ఆంధ్రప్రదేశ్‌లోని చిన్న పట్టణాల్లో అడ్మిషన్లప్పుడు మళ్లీ అదే రచ్చ. ఆ వీధి బడికి మోడల్ ప్రైమరీ స్కూల్ అని పేరు పెట్టి తరగతికో టీచర్ని వేశారు, మా బడిని బేసిక్ అని చెప్పి ఒకరిద్దరితో సరిపెట్టారు, ఇదేం న్యాయం అని. నాడు-నేడు రంగులు, అమ్మఒడి డబ్బులు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నా లెక్కలో అసలు మలుపు 2022 జూన్‌లో వచ్చిన జీవో 117, అంటే బడుల్లో టీచర్ల లెక్క మార్చిన ప్రభుత్వ ఉత్తర్వు.

హైస్కూలుకు దగ్గర్లోని ప్రాథమిక బడుల నుంచి 3, 4, 5 తరగతులను అక్కడికి పంపడం అంతకు ముందు ఏడాదే మొదలైంది. అప్పుడు 250 మీటర్లు అన్నారు, తర్వాత అది కిలోమీటరైంది. టీచర్ల లెక్కను కూడా దానికి తగ్గట్టు మార్చేసింది 117. మూడో తరగతి నుంచే సబ్జెక్టు టీచర్లు పాఠాలు చెబుతారన్నది ప్రభుత్వ వాదన. కాగితం మీద బాగానే ఉంది.

ఆ జులైలో బడులు తెరవగానే చాలాచోట్ల తల్లులు గేటు ముందు ఎందుకు కూర్చున్నారో చూడండి. నాలుగో తరగతి అక్క, ఒకటో తరగతి తమ్ముడు అప్పటిదాకా చెయ్యి పట్టుకుని ఒకే బడికి వెళ్లేవాళ్లు. ఇప్పుడు అక్క మెయిన్ రోడ్డు దాటి వెళ్లి, కాళ్లు నేలకు ఆనని పెద్దపిల్లల బెంచీ మీద కూర్చోవాలి. తమ్ముడి బడిలో మిగిలింది ఒక్క ఎస్‌జీటీ, అంటే చిన్న తరగతులకు అన్నీ చెప్పే టీచరు. బోర్డు మధ్యలో గీత గీసి ఇటు ఒకటో తరగతి అక్షరాలు, అటు రెండో తరగతి కూడికలు రాస్తారు, ఆ టీచరుకు జ్వరమొస్తే పాఠం లేనట్టే. చేసేదేముంది, చాలామంది ఇద్దరికీ టీసీలు తీసుకుని వ్యాన్ ఇంటిముందుకొచ్చే ప్రైవేటు బడిలో వేసేశారు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు అని ఉంది. అంటే టీచర్లెందరన్నది రోల్‌ని, బడిలో పేరున్న పిల్లల సంఖ్యని బట్టే. రోల్ ఎందుకు పడిపోయిందని ఆ పట్టిక అడగదు.

2025 మేలో కూటమి ప్రభుత్వం 117ను రద్దు చేసి, బడులను మోడల్, బేసిక్‌తో కలిపి తొమ్మిది రకాలుగా విడగొట్టింది. చాలా బడులకు తరగతులైతే తిరిగొచ్చాయి. పిల్లలు అంత తేలిగ్గా వస్తారా? మోడల్ బడి ఏదని చూసినప్పుడు మొగ్గు సహజంగానే పిల్లలు ఎక్కువున్న చోటికి పోయింది. పదిమంది పిల్లలకు ఐదుగురు టీచర్లను ఎక్కడి నుంచి తెస్తామని అధికారులు అంటారు, ఆ మాటా నిజమే. కానీ రెండు బడుల్ని పక్కపక్కన పెట్టి ఈ ఏటి రోల్ చూపించేవాళ్లు, అదే బీరువాలో ఉన్న 2021 హాజరు పట్టీ కూడా తీస్తే బాగుంటుంది.