గొట్టం వేరు, నీళ్లు వేరు: యాంటీవైరస్, వీపీఎన్ మన ఇళ్లకు వచ్చిన దారులు

ఇంట్లో వాడే కంప్యూటర్‌కు వీపీఎన్ (మన నెట్ రాకపోకలను బయటివాళ్లకు కనిపించకుండా గుప్తంగా పంపే ఏర్పాటు) పెట్టుకున్నాక యాంటీవైరస్ కూడా ఉండాలా అన్న ప్రశ్న ఇప్పుడు నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి కంప్యూటర్ దుకాణాల్లో మామూలుగా వినిపిస్తుంది. ఇరవై ఏళ్ల కిందట ఈ ప్రశ్న పుట్టే వీలే లేదు. అప్పటికి యాంటీవైరస్ అన్న మాట కంప్యూటర్ ముట్టుకున్న ప్రతివాడికీ తెలుసు కానీ, వీపీఎన్ అన్న మాట పెద్ద కంపెనీల గడప దాటలేదు. ఈ రెండూ వేర్వేరు భయాల నుంచి పుట్టి, వేర్వేరు దారుల్లో వచ్చి, చివరకు అమ్మేవాళ్ల చేతిలో ఒకే డబ్బాలో పడ్డాయి. ప్రశ్నలోని గందరగోళం చాలావరకు ఆ డబ్బాదే.

ముందు వచ్చింది వైరస్ భయం. 1986లో లాహోర్‌కు చెందిన బాసిత్, అంజద్ ఫారూక్ అల్వీ సోదరులు రాసిన ‘బ్రెయిన్’ను ఐబీఎం తరహా పర్సనల్ కంప్యూటర్లకు పట్టిన మొదటి వైరస్‌గా చెబుతారు. అది ఫ్లాపీలో, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు ముందుగా చదివే బూట్ సెక్టార్‌లో కూర్చునేది. దాని లోపల తమ చిరునామా, ఫోన్ నంబర్లు కూడా రాసిపెట్టారు ఆ సోదరులు. నేటి దొంగల్లో వెతికినా దొరకని నిజాయితీ అది. మరుసటి ఏడాదే అమెరికాలో జాన్ మెకాఫీ యాంటీవైరస్ కంపెనీ పెట్టాడు. 1990లలో పుణెలో క్యాలిక్యులేటర్లు బాగుచేసే కైలాశ్ కాట్కర్, ఆయన తమ్ముడు సంజయ్ కలిసి క్విక్ హీల్‌ను మార్కెట్‌లోకి తెచ్చారు. వీటన్నిటి పనితీరు మొదట్లో ఒక్కటే: పోలీస్ స్టేషన్ గోడకు పాత నేరస్థుల ఫొటోలు అంటించినట్టు, తెలిసిన వైరస్‌ల ఆనవాళ్లను జాబితాగా పెట్టుకుని ప్రతి ఫైలునూ దానితో సరిచూడడం. ఫొటో లేని కొత్త దొంగ దర్జాగా లోపలికి నడిచేవాడు. ఏ ప్రోగ్రామూ అన్ని వైరస్‌లనూ తప్పు లేకుండా పట్టుకోలేదని ఫ్రెడ్ కోహెన్ 1980లలోనే గణితపరంగా నిరూపించాడు. అందువల్లే తర్వాతి తరం యాంటీవైరస్‌లు ఆనవాళ్లతో పాటు, ఫైలు నడుస్తున్నప్పుడు దాని నడవడికను కూడా కనిపెట్టడం నేర్చుకున్నాయి.

మన వైపు వైరస్ ఇంటర్నెట్ కంటే ముందు పెన్‌డ్రైవ్ మీద వచ్చింది. బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ 2005లో మొదలైనా పల్లెలకు చేరడానికి ఏళ్లు పట్టింది. ఈలోగా డీటీపీ సెంటర్లు, జిరాక్స్ దుకాణాలు, ఫొటో స్టూడియోలు, కాలేజీ ల్యాబులు పెన్‌డ్రైవ్‌లకు కూడళ్లయ్యాయి. పెన్‌డ్రైవ్ గుచ్చగానే అందులోని ప్రోగ్రామ్ తనంతట తాను నడిచే ఆటోరన్ సదుపాయం ఆ తెగుళ్లకు తొలి దారి అయింది. 2008 చివర్లో మొదలైన కాన్‌ఫికర్ అనే తెగులు కూడా ఆ దారిని బాగా వాడుకుంది. విండోస్ 7లో పెన్‌డ్రైవ్‌లకు ఈ సదుపాయాన్ని ఆపేసిన మైక్రోసాఫ్ట్, 2011లో ఎక్స్‌పీ, విస్టాలకు కూడా అదే మార్పును అప్‌డేట్‌గా పంపింది. ఆ దారి మూసుకున్నాక జోరందుకున్నవే షార్ట్‌కట్ వైరస్‌లు: తనంతట తాను నడవలేకపోయినది మన చేతనే డబుల్ క్లిక్ చేయించుకుంది.

2012లో చెల్లెలి పెండ్లి పత్రిక కొట్టించడానికి నేను ప్రకాశం బజార్ వైపు ఒక డీటీపీ సెంటర్‌కు పోయాను. పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోని ఫోల్డర్లన్నీ మాయమై, అవే పేర్లతో ఒకటి రెండు కిలోబైట్ల షార్ట్‌కట్‌లు కనిపించాయి. “ఏం గాదన్నా, అన్నీ అండ్లనే ఉన్నయి, దాచిపెట్టిందంతే” అంటూ ఆపరేటర్ నల్లటి కమాండ్ తెర తెరిచి, ‘ఆట్రిబ్’ అని కొట్టి, దాని పక్కన మైనస్ హెచ్, మైనస్ ఆర్, మైనస్ ఎస్ అని కీబోర్డు వైపు చూడకుండానే టైపు చేశాడు. దాగిన ఫోల్డర్లు మళ్లీ కనిపించాయి. రోజుకు ఎన్నిసార్లు కొడితే ఆ వేళ్లకు అంత అలవాటైందో! అతని కంప్యూటర్‌లో యాంటీవైరస్ లేదనడానికి లేదు. గడువు తీరిపోయి, తెర మూలన ఎర్ర గుర్తు వేసుకుని కూర్చుంది.

ఈ గడువు తీరే జబ్బుకు మందు చివరకు మైక్రోసాఫ్ట్ దగ్గరి నుంచే వచ్చింది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వార్మ్ నెట్‌కు కలిపి ఉన్న కంప్యూటర్లను, వాడేవాళ్లు ఏమీ తెరవకుండానే పట్టుకోవడంతో, 2004లో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో ఫైర్‌వాల్ అనే, బయటి నుంచి వచ్చే అనుమతి లేని కనెక్షన్లను ఆపే కాపలా దానంతట అదే పనిచేసేలా చేశారు. 2009లో యాంటీవైరస్ అయిన సెక్యూరిటీ ఎసెన్షియల్స్‌ను ఉచితంగా ఇచ్చారు. 2012లో విండోస్ 8తో డిఫెండర్ అనే యాంటీవైరస్ విండోస్ లోపలి భాగమే అయింది. మొదట్లో దాని మీద ఎవరికీ గురి లేదు, ఉండడానికి కారణమూ లేదు: 2013 ప్రాంతంలో జర్మనీకి చెందిన ఏవీ-టెస్ట్ సంస్థ పరీక్షల్లో మైక్రోసాఫ్ట్ యాంటీవైరస్ అడుగున ఉండేది. ఆ దశాబ్దం ముగిసేసరికి అవే పరీక్షల్లో డబ్బు పెట్టి కొనేవాటి సరసన నిలిచింది. ఆ సంగతి చాలా దుకాణాల్లో ఇంకా ఎవరూ చెప్పరు. కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్లకు బ్యాగు, మౌస్‌తో పాటు ఏడాది యాంటీవైరస్ డబ్బాను కూడా బిల్లులో కలిపి ఇస్తూనే ఉన్నారు. అది వేసుకున్న రోజు నుంచి డిఫెండర్ పక్కకు తప్పుకుంటుందని కొన్నవాళ్లకు తెలియదు.

వీపీఎన్ కథ వేరే. బయట ఉన్న ఉద్యోగి ఇంటర్నెట్ అనే బహిరంగ రోడ్డు మీదుగా కంపెనీ లోపలి నెట్‌వర్క్‌ను చేరుకోవాలన్న అవసరంతో 1996 ప్రాంతంలో మైక్రోసాఫ్ట్, మరికొన్ని కంపెనీలు కలిసి పీపీటీపీ అనే పద్ధతిని రూపొందించాయి. 2001లో జేమ్స్ యోనన్ ఓపెన్‌వీపీఎన్‌ను ఉచితంగా అందరి చేతికీ ఇచ్చాడు. మామూలు జనానికి దాని మీద ఆసక్తి 2010 తర్వాత కలిగింది. ఆ ఏడాది ఎరిక్ బట్లర్ విడుదల చేసిన ఫైర్‌షీప్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో, ఒకే బహిరంగ వైఫైలో ఉన్న పక్కవాళ్ల ఫేస్‌బుక్ ఖాతాలోకి క్లిక్కుతో దూరవచ్చని తేలింది. 2013లో అమెరికా నిఘా సంస్థకు పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాలతో ప్రభుత్వాల నిఘా భయం తోడైంది. అయితే ఈ రెండు దెబ్బలకూ వెబ్‌సైట్లే మేలుకున్నాయి. 2015 చివరి నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ, సైటుతో మాటలు గుప్తంగా నడవడానికి కావలసిన భద్రతా సర్టిఫికెట్లను ఉచితంగా ఇవ్వడం, 2018 జూలై నుంచి క్రోమ్ బ్రౌజర్ అలాంటి తాళం లేని సైట్లన్నిటికీ ‘సురక్షితం కాదు’ అని ముద్ర వేయడంతో, మనం చూసే సైట్లలో చాలావాటికీ మన కంప్యూటర్‌కూ మధ్య మాటలు వీపీఎన్ లేకుండానే గుప్తంగా నడుస్తున్నాయి. వీపీఎన్ ప్రకటనలు యూట్యూబ్ నిండా వచ్చేనాటికి అవి చూపించే భయంలో సగం అప్పటికే తీరిపోయిందన్నమాట.

దక్షిణ తెలంగాణ పల్లెలకు వీపీఎన్ అన్న మాట పెద్ద ఎత్తున వచ్చింది 2020 మార్చి లాక్‌డౌన్‌తో. హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ చేసి దేవరకొండ, మిర్యాలగూడ, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు సొంత ఊళ్లకు చేరిన సాఫ్ట్‌వేర్ పిల్లలు, మిద్దె మీద సిగ్నల్ దొరికే మూలన కూర్చుని “వీపీఎన్ కనెక్టయితలేదు” అని మేనేజర్‌కు మొరపెట్టుకుంటుంటే, కింద వింటున్న తల్లిదండ్రులు అదేదో పెద్ద కాపలా అనుకున్నారు. ఆ కంపెనీ ల్యాప్‌టాప్‌లో యాంటీవైరస్ వేరుగా, తీసేయడానికి వీల్లేకుండా ఉంటుందన్నది వాళ్లకు కనిపించలేదు. అదే ఏడాది జూన్‌లో టిక్‌టాక్‌ను, సెప్టెంబర్‌లో పబ్జీని నిషేధించినప్పుడు, తమ్ముళ్ల ఫోన్లలోకి ఉచిత వీపీఎన్ యాప్‌లు దిగాయి. అన్న వాడేదీ తమ్ముడు వాడేదీ ఒకటేనని ఇల్లంతా నమ్మింది.

నిజానికి వీపీఎన్ ఒక గొట్టం. గొట్టం గురించి నల్లగొండ వాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు: బోరులో ఫ్లోరైడ్ ఉంటే ఎంత గట్టి పైపు వేసినా నల్లాలో వచ్చేది ఫ్లోరైడ్ నీళ్లే. దారిలో ఎవరూ పైపుకు కన్నం పెట్టకుండా, లోపల ఏం పోతున్నదో చూడకుండా కాపాడడం వీపీఎన్ పని. మనకు నెట్ ఇచ్చే కంపెనీకి మనం ఏ సైటుకు పోయామో కనిపించదు. ఆ సైటుకు నెట్‌లో మనల్ని గుర్తించే అసలు ఐపీ చిరునామా కనిపించదు. కానీ మనమే దించుకున్న క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌లోనో, మెయిల్‌కు అతికించిన బిల్లు ఫైలులోనో వైరస్ ఉంటే, అది ఆ గొట్టంలోంచే గుప్తంగా, భద్రంగా, ఒక్క చుక్క కారకుండా ఇంటికి చేరుతుంది. పెన్‌డ్రైవ్ సంగతైతే అసలు గొట్టంతో పనే లేదు.

మరి రెండూ ఒకే డబ్బాలోకి ఎట్లా వచ్చాయి? విండోస్‌లోనే ఉచితంగా కాపలా దొరకడంతో యాంటీవైరస్ కంపెనీలకు అమ్మడానికి కొత్త సరుకు కావలసి వచ్చింది. 2018లో మెకాఫీ టన్నెల్‌బేర్ అనే వీపీఎన్‌ను కొనేసింది. 2019లో నార్టన్ 360 అనే యాంటీవైరస్ ప్యాకేజీని మళ్లీ తెచ్చినప్పుడు వీపీఎన్‌ను అందులోనే కలిపారు. అటువైపు నార్డ్‌వీపీఎన్ లాంటివి చెడ్డ సైట్లను, ఫైళ్లను అడ్డుకునే సదుపాయాలు చేర్చుకున్నాయి. నమ్మకం విషయంలో రెండు వర్గాలకూ మచ్చలున్నాయి: యాంటీవైరస్ కంపెనీ అవాస్ట్ తన వాడుకరుల బ్రౌజింగ్ వివరాలను జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మిన వ్యవహారం 2020లో బయటపడింది, ఫేస్‌బుక్ నడిపిన ఓనావో అనే ఉచిత వీపీఎన్, వాడుకరులు ఏ యాప్‌లు వాడుతున్నారో గమనించడానికే పనికొచ్చింది. ఇక మన దేశంలో 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు ఖాతాదారుల వివరాలను 5 ఏళ్లపాటు దాచాలి. దాంతో ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ వంటివి ఇక్కడి సర్వర్లనే ఎత్తేశాయి.

ఇంతదూరం వచ్చాక నా లెక్క ఇది: ఇంటి కంప్యూటర్‌కు యాంటీవైరస్ తప్పదు, అయితే కొనాల్సిన పని చాలామందికి లేదు, అసలైన విండోస్, ఆగని అప్‌డేట్‌లు, ఆపకుండా వదిలిన డిఫెండర్ ఉంటే సరిపోతుంది. వీపీఎన్ అవసరమున్నవాళ్లకే అవసరం. అది ఉన్నా లేకున్నా మొదటి మాట మారదు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై ప్రపంచాన్ని పట్టి పీడించినప్పుడు, దాన్ని ఆపే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ మార్చిలోనే వచ్చి ఉంది. వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. విండోస్ 10కు మామూలు అప్‌డేట్‌లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి కనుక, ఆ కంప్యూటర్లు ఉన్న ఇళ్లలో యాంటీవైరస్ పేరు కంటే ముందు ఆలోచించాల్సింది అదే.

పోయిన నెల అదే డీటీపీ సెంటర్‌కు వెళ్లాను. తెలుగు టైపింగ్‌కు వాడే అను ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ కోసం విండోస్ 7 కంప్యూటర్‌ను ఆ ఆపరేటర్ ఇంకా ఉంచుకున్నాడు. దానికి యాంటీవైరస్ లేదు, వీపీఎన్ లేదు, వెనక నెట్ వైరు కూడా లేదు. నా పెన్‌డ్రైవ్ అందుకుని ముందు పక్కనున్న కొత్త కంప్యూటర్‌లో పెట్టాడు. “ఈడ స్కాన్ గానియ్యన్నా, తర్వాత దాంట్ల పెడ్త” అని, స్కాన్ పూర్తయ్యేదాకా టీ చెప్పాడు.