చిన్నప్పటి హింస, పెద్దయ్యాక జబ్బు: వెనకున్న కథ

నిద్ర పట్టదు, గుండెదడ, ఒళ్లంతా నొప్పులు. శ్రీకాకుళం పల్లెల్లో ఈ బాధలు చెప్పుకునే మనిషికి ముందు దొరికేది గ్యాస్ మాత్ర, తర్వాత నొప్పి మాత్ర. చిన్నప్పుడు ఇంట్లో ఏం జరిగిందని అడిగేవారు అరుదు.

వైద్యం కూడా ఆ ప్రశ్న ఆలస్యంగానే అడిగింది. పసివాళ్ల విరిగిన ఎముకల వెనక పెద్దల దెబ్బలుంటాయని అమెరికాలో పిల్లల డాక్టరు హెన్రీ కెంప్ బృందం గట్టిగా చెప్పింది 1962లో. 1980లలో శాన్ డియాగోలో ఊబకాయానికి చికిత్స చేస్తున్న విన్సెంట్ ఫెలిట్టికి, బరువు చక్కగా తగ్గుతున్నవాళ్లే మధ్యలో ఎందుకు మానేస్తున్నారో అంతుపట్టలేదు. ఆరా తీస్తే వాళ్లలో చాలామంది చిన్నతనంలో లైంగిక హింసకు గురైనవారు. ఆయన, మరో పరిశోధకుడు రాబర్ట్ ఆండాతో కలిసి 1998లో వెలువరించిన అధ్యయనంలో, చిన్నప్పుడు నాలుగు లేదా అంతకుమించిన రకాల హింస, ఇంటి కల్లోలం చూసినవారికి తాగుడు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువని తేలింది. ఇది వేలమంది మీద తీసిన లెక్క, ఒక్క మనిషి జాతకం కాదు.

మన దగ్గర 2007లో కేంద్రం 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగింది. 53 శాతం ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు, వాళ్లలో సగానికి పైగా మగపిల్లలే. ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. పిల్లల మీద లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. తెలిసీ ఫిర్యాదు చేయకపోవడం కూడా అప్పటి నుంచి నేరమే.

చట్టం శిక్ష సంగతి చూస్తుంది, మనసు సంగతి కాదు. శ్రీకాకుళం నుంచి చేపల వేట కోసం గుజరాత్ వెరావల్‌కు వెళ్లే మత్స్యకారుల ఇళ్లలో పిల్లలు అమ్మమ్మ దగ్గరో హాస్టల్లోనో పెరుగుతారు. వలస హింస కాదు గానీ, జరిగింది చెప్పుకోవడానికి నమ్మకమైన పెద్దమనిషి దగ్గర ఉండరు.

చికిత్సలో మొదటి మెట్టు భద్రత: హింసించిన మనిషి ఇంకా ఇంటికి వస్తున్నాడా, నిద్ర ఎలా ఉంది, తాగుడుందా? జరిగినదాని జ్ఞాపకాలను కదిపే పని ఆ తర్వాతే. మామూలుగా 8 నుంచి 12 సిట్టింగులు, ఏళ్లతరబడి సాగిన హింసైతే ఇంకా ఎక్కువ. మొదటి రోజే కథంతా చెప్పించబోతే పీడకలలు పెరిగి మనిషి మళ్లీ రాడు. ఉత్త నిద్రమాత్రలతో సరిపెడితే అవే అలవాటవుతాయి. పెళ్లికో పండక్కో "పోనీలే, పెద్దాయన" అని రాజీ చేయించే బంధువులు పై రెంటికన్నా ఎక్కువ చెరుపు చేస్తారు.

మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడొచ్చు, పిల్లలకైతే 1098. పోక్సో ఫిర్యాదుకు బాధితుల ఇప్పటి వయసు అడ్డు కాదని 2018లో కేంద్రం స్పష్టం చేసింది. 2012 నవంబరు 14కు ముందు జరిగినవాటికి మాత్రం పాత శిక్షాస్మృతి సెక్షన్లే వర్తిస్తాయి. ఏది వర్తిస్తుందో జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ లాయరు ఉచితం.