ఒక్కో అక్షరం, ఒక్కో పిసరు

రొమ్ము క్యాన్సర్ అని తెలియగానే చాలామంది నోట వచ్చే మొదటి మాట, "మా ఇంట్లో ఎవరికీ లేదే!" వంశంలో ఉంటేనే వస్తుంది, లేకపోతే రాదు అన్న నమ్మకం ఆ మాట వెనుక ఉంది. 2001లో 52 అధ్యయనాల వివరాలను ఒకచోట చేర్చి లెక్క చూస్తే వేరే సంగతి తేలింది. ఈ జబ్బు వచ్చిన ప్రతి తొమ్మిది మందిలో ఎనిమిది మంది ఇళ్లలో తల్లికి గానీ, అక్కచెల్లెళ్లకు గానీ, కూతుళ్లకు గానీ అది లేదు.

అలాగని వారసత్వం పాత్ర లేకపోలేదు. అమ్మకో, అక్కకో వచ్చి ఉంటే ముప్పు సగటున దాదాపు రెట్టింపవుతుంది. స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్‌లలో 44,788 కవల జంటలను పరిశీలించి 2000లో ప్రచురించిన అధ్యయనం కూడా, ఈ ముప్పు విషయంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో 27 శాతం జన్యువుల వల్లనేనని అంచనా వేసింది. అంటే వారసత్వం ఉంది, కానీ ఎక్కువ ఇళ్లలో బయటికి కనబడదు. ఎందుకలా?

బీఆర్‌సీఏ అనే జన్యువుల పేరు చాలామంది వినే ఉంటారు. 1990లో అమెరికా జన్యు శాస్త్రవేత్త మేరీ-క్లెయిర్ కింగ్ బృందం 17వ క్రోమోజోమ్ మీద వాటిలో మొదటిదాని జాడ పట్టింది. 1994లో బీఆర్‌సీఏ1, ఆ మరుసటి ఏడాది బీఆర్‌సీఏ2 దొరికాయి. ఇవి అందరిలోనూ ఉండే జన్యువులే. తెగిన డీఎన్ఏను అతికించడం వీటి పని. ఆ పనిని చెడగొట్టే మార్పుతో పుట్టిన స్త్రీలలో, 80 ఏళ్లు వచ్చేసరికి సుమారు 70 శాతం మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుంది. ముప్పు చాలా పెద్దదే, కానీ అలాంటి మార్పు ఉన్నవాళ్లు అరుదు. కుటుంబాల్లో కనిపించే అదనపు ముప్పులో ఎక్కువ భాగానికి ఈ రెండు జన్యువుల దగ్గర సమాధానం లేదు. బీఆర్‌సీఏ3 కోసం ఏళ్ల తరబడి వెతికారు. అంత బలమైన జన్యువు మూడోది దొరకలేదు.

అప్పుడు కొందరు శాస్త్రవేత్తలు ప్రశ్ననే మార్చారు. మిగిలిన ముప్పు ఒక్కచోట లేకుండా, పిసరు పిసరుగా వందల చోట్ల పడి ఉంటే? మన డీఎన్ఏలో సుమారు 300 కోట్ల అక్షరాలున్నాయి. అందులో కొన్ని చోట్ల ఒకరికి 'సి' ఉంటే మరొకరికి 'టి' ఉంటుంది. ఇలాంటి ఒక్క అక్షరం తేడాను స్నిప్ అంటారు. చాలా స్నిప్‌ల వల్ల మనకు ఏమీ కాదు.

2007లో కేంబ్రిడ్జ్‌కు చెందిన డగ్లస్ ఈస్టన్ నాయకత్వంలో అంతర్జాతీయ బృందం 2,27,876 స్నిప్‌లను జల్లెడ పట్టింది. ముందు దాదాపు 4,400 మంది రోగులనూ, దాదాపు అంతే మంది ఆరోగ్యవంతులనూ పోల్చింది. నిలబడిన కొద్దిపాటి స్నిప్‌లను మరో 21,860 మంది రోగుల్లో సరిచూసింది. అన్నిటికంటే స్పష్టంగా తేలింది ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 అనే జన్యువులోని ఒక తేడా. ఒక కాపీ ఉన్నవారికి ముప్పు 1.23 రెట్లు, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు కాపీలూ వస్తే 1.63 రెట్లు.

ఊహకు అందేలా చెబితే, ఆ తేడా లేని వంద మందిలో పది మందికి జబ్బు వస్తుందనుకుందాం. ఒక కాపీ ఉన్న వంద మందిలో పన్నెండు మందికి, రెండు కాపీలున్న వంద మందిలో పదహారు మందికి వస్తుందన్నమాట. ఇంతకంటే నన్ను ఆపేసిన సంగతి వేరే ఉంది. ఐరోపా మూలాలున్న ప్రతి పది మందిలో ఆరుగురికి ఈ అక్షరం కనీసం ఒక కాపీ ఉంటుంది. అంతమందిలో ఉన్నదాన్ని లోపం అని పిలవడానికి నాకు మనసొప్పదు. పైగా అది ప్రోటీన్ తయారీ సూచనలున్న చోట కూడా లేదు. జన్యువు ఎప్పుడు, ఎంత పనిచేయాలో నిర్ణయించే స్విచ్ లాంటి భాగంలో ఉంది. తర్వాత బయటపడిన తేడాల్లోనూ ఎక్కువ వాటి కథ ఇదే.

ఒక్కటే అయితే ఇంత చిన్నది ఎవరికీ ఉపయోగపడదు. కలిపితే లెక్క మారుతుంది. 2019లో 313 స్నిప్‌లను కలిపి ఒక స్కోరు తయారుచేశారు. ఆ స్కోరులో అందరికంటే పైన ఉన్న ఒక శాతం స్త్రీలకు జీవితకాల ముప్పు 32.6 శాతమని తేలింది. పేరున్న పెద్ద మ్యుటేషన్ ఏదీ లేకుండానే ఇంత! అందుకే "బీఆర్‌సీఏ నెగెటివ్" అన్న రిపోర్టు చూసి పూర్తిగా నిశ్చింతగా ఉండటం సరికాదు. అదే స్కోరు ఎక్కువని టెన్షన్ పడేవాళ్లకు గుర్తు చేయాల్సింది, ఆ పైవరుసలో ఉన్నవాళ్లలోనూ మూడింట రెండొంతుల మందికి ఈ జబ్బు రాదు. స్కోరును బట్టి స్క్రీనింగ్ (లక్షణాలు కనబడకముందే చేసే పరీక్ష) ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎన్నాళ్లకొకసారి చేయాలో తేల్చడానికి అమెరికాలో విజ్డమ్, ఐరోపాలో మైపెబ్స్ అనే పెద్ద పరిశోధనలు చేపట్టారు.

ఇందులో నన్ను బాధపెట్టే విషయం ఒకటుంది. ఈ సమాచారంలో అత్యధిక భాగం ఐరోపా మూలాలున్న స్త్రీలదే. మనం చదివే స్నిప్ చాలాసార్లు అసలు కారణం కాదు, దాని పక్కనుండే గుర్తు మాత్రమే. ఇల్లు తెలియనివాళ్లకు ఎదురుగా ఉన్న చెట్టు చెప్పినట్టు. మరో జనాభాలో ఆ చెట్టు వేరే ఇంటి ముందు ఉండొచ్చు. అందుకే ఆఫ్రికా మూలాలున్న స్త్రీలలో ఈ స్కోరు బాగా తడబడుతోంది. అందరి రక్త నమూనాలూ లెక్కలోకి రానంతవరకు ఈ విజ్ఞానం కొందరిదిగానే ఉంటుంది.

మళ్లీ ఆ మొదటి మాట దగ్గరికొస్తే, "మా ఇంట్లో" అన్నప్పుడు మనం సాధారణంగా అమ్మ వైపే చూస్తాం. ఈ అక్షరాల్లో సగం నాన్న నుంచి వస్తాయి. బీఆర్‌సీఏ మార్పు కూడా నాన్న నుంచి రావచ్చు. మగవాళ్లలో రొమ్ము క్యాన్సర్ చాలా అరుదు కాబట్టి, అక్కచెల్లెళ్లు లేని తండ్రి ద్వారా అది చప్పుడు లేకుండా కూతురికి చేరుతుంది. డాక్టర్ కుటుంబ చరిత్ర అడిగినప్పుడు మేనత్తల సంగతి, నాయనమ్మ సంగతి కూడా చెప్పండి.