ఉడుత చుట్టూ తిరిగిన మనిషి

పిల్లలూ,

మొన్న ఫోన్లో మీరిద్దరూ వాదించుకున్నారే, ఉపయోగితావాదమూ వ్యావహారిక సత్తావాదమూ ఒకటేనా అని! రెండూ ఫలితాన్నే చూస్తాయి కాబట్టి మీ వయసులో నేనూ కలిపేసుకున్నాను. పరీక్షలో మార్కులూ పోయాయి.

మొదటిది మంచిచెడ్డల సంగతి. ఏ పని చెయ్యాలో తేల్చుకోవాలంటే దానివల్ల ఎవరెవరికి ఎంత సుఖం, ఎంత బాధ కలుగుతాయో లెక్కగట్టమన్నాడు ఇంగ్లీషు తత్వవేత్త జెరెమీ బెంథామ్, 1789లో వచ్చిన పుస్తకంలో. ఆ లెక్కలో మీ సుఖానికి పక్కవాడి సుఖం కంటే ఎక్కువ విలువేమీ ఉండదు. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే, 'నాకు లాభమా' అని అడిగి అదే ఉపయోగితావాదం అనుకుంటారు. సుఖాలన్నీ ఒకే స్థాయివి కావని తర్వాత అదే వాదానికి చెందిన జాన్ స్టువర్ట్ మిల్ సరిదిద్దాడు. సరిదిద్దాక లెక్క ఇంకా కష్టమైందని నా అనుమానం.

రెండోదాని పేరు వింటేనే టెన్షన్, విషయం మాత్రం సరదాగా ఉంటుంది. ఇది అర్థం గురించి, నిజం గురించి. ఈ వాదానికి పేరు తెచ్చిన అమెరికా తత్వవేత్త విలియం జేమ్స్ స్నేహితులు ఓసారి కొండల్లో గుడారాలు వేసుకుని గొడవపడ్డారట. చెట్టు మానుకి ఒకవైపు ఉడుత, రెండోవైపు మనిషి. అతను చెట్టు చుట్టూ తిరుగుతుంటే ఉడుత కూడా అంతే వేగంగా జరుగుతూ, ఎప్పుడూ మాను చాటునే ఉంటోంది. అతను ఉడుత చుట్టూ తిరిగినట్టా, కాదా?

జేమ్స్ ఏమన్నాడంటే, 'చుట్టూ' అంటే ఏమిటో ముందు చెప్పండి. ఉడుతకి ఉత్తరాన, తూర్పున, దక్షిణాన, పడమట నిలిచాడా? అయితే తిరిగాడు. దాని ఎదుటికి, కుడికి, వెనక్కి, ఎడమకి వెళ్లాడా? లేదు, ఉడుత పొట్ట ఎప్పుడూ అతనివైపే ఉంది. ఇంత తెలిశాక ఇక గొడవపడటానికి ఏం మిగిలింది?

చూశారా, ఇందులో ఎవరి సుఖం లెక్కా లేదు. ఒక మాట నిజమైతే అనుభవంలో ఏం తేడా వస్తుందన్నదే ప్రశ్న. అలాగని నచ్చిందల్లా నిజమైపోదు. ఎదురుగా గోడ లేదని నమ్మి నడవండి, ముక్కే చెబుతుంది.

అయినా రెంటికీ చుట్టరికం లేకపోలేదు. ఈ ఉడుత కథ ఉన్న 1907 నాటి పుస్తకాన్ని జేమ్స్ అంకితమిచ్చింది మిల్ స్మృతికే.

ఉడుత సంగతి మీ అమ్మని అడిగి, ఏమందో రాయండి.

మీ తాతయ్య