గుంజను ఎవరు పీకారు?

చిట్టితల్లీ, కన్నా,

మంచు కరిగాక చూస్తే కంచె గుంజలు బెత్తెడు పైకి లేచి ఉన్నాయనీ, రాత్రిపూట ఎవరైనా పీకారా అనీ అడిగారు. పీకింది మంచే.

కన్నా, నీ పాలపన్ను గుర్తుందా? కింద కొత్తది తోసుకొస్తుంటే పైది లేచింది, లేచింది మళ్ళీ దిగలేదు. నేలలోనూ అంతే. గడ్డకట్టిన పైమట్టి, పంటిని చిగురు పట్టుకున్నట్టు, గుంజను పక్కలనుంచి పట్టేసుకుంటుంది. నీళ్ళు మంచుగా మారితే 9 శాతం దాకా ఉబ్బుతాయి, అది కొంతే; అసలు బలమంతా, కింది తడి దీపం వత్తిలో నూనెలా పైకి పాకి మంచు పొరలుగా పేరుకోవడంలో ఉంది. మట్టి లేస్తూ గుంజనూ లేపుతుంది, కింద ఖాళీలోకి బురద జారుతుంది, ఇక అది దిగేదెలా?

మెత్తటి ఒండ్రుమట్టిలో ఈ బెడద మరీ ఎక్కువ. ఇసుకలో నీళ్ళు నిలవవు కాబట్టి తక్కువే, కానీ ఇసుకకు పట్టు ఉండదు, గుంత అంచులు కూలిపోతాయి, అక్కడ కాంక్రీట్ పోయడమే మేలు. బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే గుంజ చుట్టూ బీట వదులుతుంది.

మళ్ళీ పన్ను దగ్గరికే వస్తాను. దవడపన్ను అంత తేలిగ్గా ఊడదు, వేళ్ళు లోతుగా దిగి, విడిపోయి ఉంటాయి కదా. గుంజ పొడవులో మూడో వంతు నేలలో ఉండాలి, చలి ప్రాంతాల్లో అయితే నేల గడ్డకట్టే లోతును దాటి కిందికి దిగాలి, కొన్నిచోట్ల అది 120 సెంటీమీటర్ల పైమాటే. కాంక్రీట్ అడుగున వెడల్పుగా ఉండాలి. పైన గొడుగులా పరుచుకుంటే మంచు దాని అంచు కింద చెయ్యి పెట్టి ఎత్తేస్తుంది.

నాకు పదేళ్ళప్పుడు నాన్న గుంజ నిలబెట్టి, మట్టి జానెడు జానెడు పోసి ప్రతిసారీ దిమ్మిసతో కొట్టమన్నారు. ఆటకు వెళ్ళాలన్న తొందరలో మట్టంతా ఒకేసారి పోసి పైపైన కొట్టాను. నెల తిరక్కుండా గుంజ ఊగింది. నాన్న ఏమీ అనలేదు, మళ్ళీ తవ్వి పక్కన కూర్చున్నారు, నేను పొర పొరా కొట్టాను. అడుగున పని ఎవరికీ కనిపించదు, అయినా అక్కడే శ్రద్ధ పెట్టాలి తల్లీ.

ఆ పొరలు అలా ఎందుకు పేరుకుంటాయో ఇంకా చెప్పవచ్చు గానీ, ముందు మీ కళ్ళతో చూడండి. బాగా చలి వేసిన రాత్రి తర్వాత, ఎండ పడకముందే తడి మట్టి దగ్గర వంగి చూడండి. వెంట్రుకల్లాంటి మంచు సూదులు గులకరాళ్ళను నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంటాయి. ముట్టుకోకండి, ముందు లెక్కపెట్టండి.

మీ తాతయ్య