క్లౌన్‌ఫిష్‌కి ఎంత మేత వెయ్యాలో నీళ్లే చెబుతాయి

ట్యాంక్ దగ్గరికి వెళ్లామంటే చాలు, క్లౌన్‌ఫిష్ అనే ఆ నారింజ రంగు సముద్రపు చేప అద్దం దగ్గరికొచ్చి ఒళ్లంతా ఊపుతూ అటూ ఇటూ తిరుగుతుంది. గంట క్రితమే తిన్నా సరే, అదే తీరు. పాపం ఆకలేమో అని ఇంకో చిటికెడు వేసేస్తాం. నేనూ చాలా రోజులు అలాగే చేశాను.

సముద్రంలో దాని తిండి ఎలా ఉంటుందో తెలిస్తే ఈ తీరు అర్థమవుతుంది. పగడపు దిబ్బల్లో అది తాను ఉండే అనిమోన్‌ని, అంటే పువ్వులా కనిపించే సముద్రజీవిని, వదిలి దూరం పోదు, పోతే పెద్ద చేపలు మింగేస్తాయి. అందుకే నీటి ప్రవాహంలో కొట్టుకొచ్చే కోపెపాడ్‌ల లాంటి సన్నటి జీవుల్ని, చేపగుడ్లని ఒక్కొక్కటిగా అందుకుంటూ, మధ్యమధ్యలో కాస్త నాచు తింటూ పగలంతా గడుపుతుంది. ఎప్పుడేం దొరుకుతుందో తెలియని ప్రాణి, దొరికినప్పుడల్లా నోరు తెరవడం సహజమే.

అక్కడ మిగిలిన తిండిని సముద్రం పట్టుకుపోతుంది. మన గాజుపెట్టెలో మాత్రం అది ఎక్కడికీ పోదు, కుళ్లి అమ్మోనియా అవుతుంది. తిన్నదాంట్లో కూడా కొంత అమ్మోనియాగా మారి మొప్పల్లోంచి నీళ్లలోకే వస్తుంది. ట్యాంక్‌లోని బాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది, అయితే ఆ బాక్టీరియా రోజూ పడే మేతకి తగ్గట్టే పెరిగి ఉంటుంది కాబట్టి ఒక్కసారిగా మూడింతలు పడితే అందుకోలేదు. పైగా ఉప్పునీళ్ల పీహెచ్ 8 దాటి ఉంటుంది, పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా విషం కూడా పెరుగుతుంది.

ఒక సంక్రాంతికి ఊరెళ్తూ మేత డబ్బా పక్కింటి అబ్బాయి చేతిలో పెట్టి వెళ్లాను. వాడు ప్రేమగానే వేశాడు, అడిగినప్పుడల్లా వేశాడు. మూడు రోజుల తర్వాత తలుపు తీసేసరికి నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి, రెండు చేపలూ పైకొచ్చి మొప్పలు గబగబా ఆడిస్తున్నాయి. ఆ రాత్రంతా టెన్షనే, నీళ్లు మారుస్తూ కూర్చున్నాను. బతికాయి. తప్పు నాదే, ఎంత వెయ్యాలో వాడికి చూపించలేదు. నిజానికి ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు రెండు మూడు రోజులు తినకపోయినా తట్టుకుంటాయి. ఇప్పుడు ఊరెళ్లాల్సి వస్తే వారం రోజుల మాత్రల డబ్బా ఉంటుంది చూడండి, దాంట్లో రోజుకో గడిలో కొలిచిన మేత పెట్టి ఇచ్చి వెళ్తున్నాను.

మామూలు రోజుల్లో రెండుసార్లు, రెండు మూడు నిమిషాల్లో తినేసేంత వేస్తే సరిపోతుంది. చేపపిల్లలకైతే ఇంకా కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు వెయ్యాలి. నేను మైసిస్ అనే చిన్న జీవుల్ని గడ్డకట్టించి అమ్మే ముక్కని టీ గ్లాసులో ట్యాంక్ నీళ్లు పోసి కరగబెడతాను. పది నిమిషాల్లో అది విడిపోయి, నల్లటి కళ్లతో వెంట్రుకంత సన్నటి రొయ్యల్లాంటివి అడుగున కనిపిస్తాయి. పైనున్న మురికి నీళ్లు పారబోసి వాటిని మాత్రమే వేస్తాను.

ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవి మన కోస్తా రొయ్యల హ్యాచరీల్లో అందరికీ తెలిసిన మేతే, దాని గుడ్లు అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి కూడా వస్తాయి. చేపలు ఎగబడి తింటాయి గానీ సముద్రపు చేపలకి తప్పనిసరైన డీహెచ్ఏ అనే కొవ్వు అందులో బాగా తక్కువ. దాన్నొక్కటే పెట్టుకుంటూ పోకండి. ఇక ఆ నారింజ రంగుకి కావాల్సిన కెరోటినాయిడ్‌లనే రంగు పదార్థాలని చేప ఒంట్లో తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. క్రిల్ అనే రొయ్యల్లాంటి జీవులు, స్పిరులినా నాచు కలిసిన మంచి గుళికలు రోజూ ఒక పూట పెడితే ఆ లోటు ఉండదు.

జంట ఉంటే ఇంకొకటి గమనించండి. రెండింట్లో పెద్దది ఆడది, పెత్తనమంతా దానిదే. మేత ఒకేచోట పడితే మగదాన్ని తరిమేసి ముందు అదే తింటుంది. మా ట్యాంక్‌లో కొంత మేత పంపు ముందు వదులుతాను. పెద్దది దాని వెంట పడ్డాక మిగతాది రెండో మూలన వేస్తే, రాయి చాటున ఆగి ఉన్న చిన్నది అప్పుడొచ్చి ప్రశాంతంగా తింటుంది.